బెజవాడ బజారులో మధ్యాహ్న భోజనం

కడుపులో మంట, పుల్లని త్రేనుపులు, భోజనం కాగానే నిద్రమత్తు, సాయంత్రానికి తలపోటు. ఈ నాలుగూ కలిపి చెప్పే రోగి వస్తే నేను వెంటనే నాడి పట్టుకోను. "నాయనా, మధ్యాహ్నం భోజనం ఎక్కడ చేస్తావు? ఎన్ని గంటలకు చేస్తావు?" అని ముందు అడుగుతాను. వన్‌టౌన్ బట్టల కొట్లలో పనిచేసేవారు, గవర్నరుపేట ఆఫీసుల గుమాస్తాలు, బీసెంట్ రోడ్డు దుకాణాలలో రోజంతా నిలబడి అమ్మకాలు చేసే ఆడపిల్లలు ఈ ప్రశ్నకు ఇచ్చే జవాబు దాదాపు ఒకే విధంగా ఉంటుంది. "ఖాళీ దొరికినప్పుడు, ఏది దొరికితే అది" అంటారు. వ్యాధికి మూలం ఆ జవాబులోనే ఉన్నది. దానిని వదిలి చూర్ణాలూ లేహ్యాలూ ఇచ్చుకుంటూ పోతే రోగి ధనం ఖర్చు కావడమే తప్ప ఫలితం కనిపించదు.

విజయవాడ నగరం భోజనానికి పేదది కాదు. చుట్టూ కృష్ణా డెల్టా, కాలువల కింద వరి, లంకలలో కూరగాయలు, ఊరూరా పాడి ఉన్నాయి. మూడు కాలువలు, పెద్ద రైల్వే కూడలి కలిసిన చోటు కనుక సరుకు ఇక్కడికి రాక తప్పదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరైన అయ్యదేవర కాళేశ్వరరావు గారి పేరు పెట్టుకున్న మార్కెట్టు వన్‌టౌన్‌లోనే ఉన్నది. ఇంతటి అన్నపు గిన్నె నడుమ కూర్చుని, మధ్యాహ్నం మూడున్నరకు రెండు మిరపకాయ బజ్జీలూ ఒక టీతో కడుపు నింపుకునే మనిషిని చూస్తే వైద్యునికి జాలి కలుగుతుంది, కొంత కోపమూ వస్తుంది. ఆ కోపం ఆ మనిషి మీద కాదు.

కనుక తక్కువ ఖర్చుతో, ఆరోగ్యానికి భంగం లేకుండా బజారులో మధ్యాహ్నం ఎక్కడ, ఎలా తినవచ్చునో చెప్పడం నా పని కాదనుకోను. ఫలానా హోటలుకు వెళ్ళండి అని ప్రకటన చేయడం నా ఉద్దేశం కాదు. హోటలును పరీక్షించే విధానం తెలిస్తే పాఠకులు తమంతట తామే ఎంచుకోగలరు.

చరకుడు చెప్పిన 'చోటు'

చరకసంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో ఆహారాన్ని ఎనిమిది విధాలుగా విచారించాలని చెప్పబడింది. పదార్థపు స్వభావం, వండిన విధం, కలిపిన పదార్థాలు, పరిమాణం, దేశం, కాలం, తినే నియమం, తినే మనిషి. మన ఇళ్ళలో మాట్లాడుకునేది మొదటిదాన్ని గురించే. వంకాయ వేడి, సొరకాయ చలవ అని వాదించుకుంటాము. తక్కిన ఏడింటినీ వదిలేస్తాము.

ఆ నియమాలలో ఒకటి విశేషమైనది. మనస్సుకు ఇష్టమైన చోట, తగిన పాత్రలతో భుజించాలని ఆచార్యులు చెప్పారు. రోత పుట్టించే చోట తింటే మనస్సు కలత పడుతుందనీ, కలతపడిన మనస్సు జీర్ణాన్ని చెడగొడుతుందనీ వారి భావం. వేడిగా తినాలి, తగు పాళ్ళలో తినాలి, మునుపు తిన్నది అరిగిన తరువాతనే తినాలి, మరీ వేగంగానూ మరీ నిదానంగానూ తినకూడదు, మాటలూ నవ్వులూ మాని తిండి మీద మనసు పెట్టి తినాలి అనేవి తక్కిన నియమాలు. ఈనాడు మాటలకంటె సెల్‌ఫోను ఎక్కువ చేటు చేస్తున్నది. ఎడమ చేతిలో ఫోను పట్టుకుని కుడి చేత్తో కలుపుకునేవానికి తాను ఎంత తిన్నదీ తెలియదు.

బట్టల బేళ్ళ వెనుక, గోదాములో, దుమ్ములో, గొంతుక్కూర్చుని కేరియర్ విప్పుకునేవారు వన్‌టౌన్‌లో ఎందరో ఉన్నారు. ఇంటి భోజనమే కదా అని సంతోషిస్తారు. ఇంటి భోజనం మంచిదే, చోటు మంచిది కాదు. పైగా గిరాకీ వస్తే ముద్ద వదిలి లేవాలి. అటువంటివారికి నేను చెప్పేది ఒక్కటే. కేరియర్ తెచ్చుకున్నా సరే, కొట్టు దాటి బయటికి రండి. పది నిమిషాలైనా మీ పేరు పెట్టి ఎవరూ పిలవని చోట కూర్చోండి.

వేళ తప్పిన భోజనం

మధ్యాహ్నం పిత్తం ప్రబలే కాలం. సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు కడుపులోని అగ్ని కూడా దీప్తంగా ఉంటుందని మన శాస్త్రం. ఆ సమయంలో దానికి ఇంధనం పడకపోతే అది ధాతువులను కాలుస్తుంది. కడుపులో మంట అని మనం అనేది ఇదే. తిన్న తరువాత ఒక యామం, అనగా మూడు గంటలు గడవకుండా మళ్ళీ తినరాదనీ, రెండు యామాలు దాటనీయరాదనీ పెద్దల కట్టడి. ఎనిమిదింటికి ఫలహారం చేసినవాడు రెండు గంటలు దాటకుండా భోజనం ముగించవలెను. వేళ తప్పి తినడాన్ని విషమాశనమంటారు. ముందు తిన్నది అరగక ముందే మళ్ళీ తినడం అధ్యశనం. బజారు ఉద్యోగి ఒకే రోజున రెండూ చేస్తాడు. మూడున్నర దాకా పస్తు ఉండి, మూడున్నరకు భోజనం చేసి, అయిదున్నరకు బండి మీద పునుగులు తింటాడు.

ఆమధ్య నా వద్దకు ఒక గుమాస్తా వచ్చాడు. గుడివాడ వైపునుంచి రోజూ రైలులో వచ్చి బట్టల దుకాణంలో పనిచేసేవాడు. ఉదయం ఇంట్లో కాఫీ మాత్రమే. స్టేషనులో దిగగానే టీ. కొట్టులో పదకొండింటికి మళ్ళీ టీ. భోజనం మూడు దాటిన తరువాత. అప్పటికి మెస్సులో మిగిలింది చల్లారిన అన్నం, అడుగంటిన సాంబారు. రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరి మళ్ళీ నిండుగా తినేవాడు. ఆరు నెలలుగా ఎవరూ వ్రాసివ్వకుండానే మందుల షాపులో మంటకు మాత్రలు కొని మింగుతున్నాడు. బరువు తగ్గడం, మలం నల్లగా పోవడం, మ్రింగుడు పడకపోవడం వంటివి ఉన్నాయా అని అడిగాను. లేవన్నాడు. అవి ఏ ఒక్కటి ఉన్నా నేను చికిత్స మొదలుపెట్టను. ఆసుపత్రికి వెళ్ళి ఎండోస్కోపీ చేయించుకోమని పంపుతాను. పాఠకులు కూడా ఈ మాట గుర్తుంచుకోవలెను.

అతనికి పదిహేను రోజులు ఔషధం ఇవ్వలేదు. మూడు మార్పులు మాత్రం చెప్పాను. ఉదయం కాఫీకి బదులు, రైలెక్కే ముందు రాత్రి తోడుపెట్టిన పెరుగన్నం గుప్పెడు తినాలి. పదకొండు గంటల టీకి బదులు సీసాలో తెచ్చుకున్న పలుచని మజ్జిగ తాగాలి. మధ్యాహ్న భోజనం పన్నెండున్నరకే, కొట్టులో గిరాకీ పెరగక ముందే ముగించాలి. మూడవది యజమాని చేతిలో ఉన్నదన్నాడు. "మీ యజమానితో నేను చెప్పానని చెప్పు" అన్నాను. ఆ పెద్దమనిషి ఒప్పుకున్నాడు. అంతేకాక తక్కినవారిని కూడా ఇద్దరిద్దరుగా వంతులవారీగా పన్నెండున్నర నుంచి రెండింటి లోపల పంపడం మొదలుపెట్టాడట. మూడు వారాలకు గుమాస్తా మాత్రలు మానేశాడు. త్రేనుపులు అప్పుడప్పుడు వస్తున్నాయన్నాడు. రాత్రి భోజనం ఇంకా తగ్గించలేదు కనుక అవి వస్తాయి.

ఇక్కడ యజమానులకు ఒక మాట. పనివారికి విరామం ఇవ్వాలన్నది దయాదాక్షిణ్యాల విషయం కాదు. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాల, సంస్థల చట్టంలోనే ఉన్నది. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాలలో పనిచేసేవారికి కూర్చునే వసతి కల్పించాలని చట్టాలను సవరించుకున్నాయి. రోజంతా నిలబడి, మూత్రానికి పోయే చోటు లేక నీళ్ళు తాగడం మానుకునే ఆడపిల్లలను నేను చూస్తూ ఉంటాను. వారికి మూత్రదాహం, మలబద్ధకం, తలపోటు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వారికి వ్రాసిచ్చే మందులో సగం యజమాని వద్దనే ఉన్నది.

మధుమేహానికి ఇన్సులినో, చక్కెరను దించే మాత్రలో వాడేవారు భోజనం వేళ అసలే జారవిడువరాదు. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరిగితే అది ఎండదెబ్బ అనుకుంటారు. బెజవాడ ఎండలు అటువంటివి మరి. కాని అది రక్తంలో చక్కెర పడిపోవడం కావచ్చును. జేబులో బెల్లం ముక్కో గ్లూకోజు పొట్లమో ఉంచుకుని, ఆ లక్షణం కనిపించిన వెంటనే తినవలెను.

మెస్సును పరీక్షించే విధం

భోజనం అమ్మడం మనకు కొత్తది కాదు. కన్యాశుల్కం చదివినవారికి పూటకూళ్ళమ్మ గుర్తు ఉంటుంది. ఆ పూటకూళ్ళ ఇల్లే కాలక్రమాన మెస్సు అయినది. గాంధీనగరులోని బాబాయ్ హోటలు పేరు వినని తెలుగువాడు అరుదు. 1992లో జంధ్యాల ఆ పేరుతో సినిమా కూడా తీశారు. అయితే ఆ ఖ్యాతి ఇడ్లీలకూ, వాటి మీద వేసే వెన్నకూ వచ్చింది. అది ఉదయపు సంగతి. మధ్యాహ్నం సంగతి వేరు.

బస్‌స్టాండు, రైల్వేస్టేషను ఎదుట ఉన్న భోజనశాలకు వచ్చే మనిషి ఈరోజు తిని రేపు మరో ఊరిలో ఉంటాడు. అతనికి కడుపు చెడినా తిరిగి వచ్చి అడగడు. గవర్నరుపేట, సూర్యారావుపేట సందులలోని మెస్సులకు మాత్రం బ్యాంకు ఉద్యోగులు, వకీళ్ళ గుమాస్తాలు, మందుల కంపెనీల ప్రతినిధులు, ఆసుపత్రి సిబ్బంది రోజూ వచ్చేవారే వస్తారు. ఉప్పు ఒక పాలు ఎక్కువైతే మరునాడు అడుగుతారు. నెలవారీ టోకెన్లు తీసుకునేవారు ఉన్న మెస్సు అయితే మరీ మంచిది. రోజూ తినేవాని నాలుకను మించిన తనిఖీ అధికారి లేడు. కనుక చోటు వెదికేటప్పుడు బోర్డు చూడకండి, లోపల కూర్చున్నవారిని చూడండి. వడ్డించేవాడు వారిని వరస పెట్టి పిలుస్తూ, అడగకుండానే ఎవరికి పెరుగు ముందో ఎవరికి చారు వద్దో తెలిసి వడ్డిస్తుంటే, ఆ చోట మీరూ కూర్చోవచ్చును.

రెండింటికో రెండున్నరకో "అయిపోయింది" అని చెప్పే మెస్సు ఉత్తమం. నాలుగు గంటలకు వెళ్ళినా అన్నీ ఉన్నాయనే చోట పొద్దున వండినది సాయంత్రం దాకా నడుస్తున్నదని గ్రహించవలెను. వండిన అన్నాన్ని గది వేడిలో గంటల తరబడి ఉంచితే విషక్రిములు పెరుగుతాయని ఆధునికులు కూడా చెబుతారు. వాటి విషం తిరిగి వేడి చేసినా పోదు. మన శాస్త్రమైతే తిరిగి కాచిన అన్నాన్ని మొదటినుంచీ నిషేధించింది. పొగలు వచ్చే అన్నం వాయిలు వాయిలుగా వండి తెస్తున్నారా లేదా అన్నది వంటశాల తలుపు దగ్గర ఒక నిమిషం నిలబడితే తెలుస్తుంది.

అన్నం విషయంలో హోటలువాని లాభమూ మన ఆరోగ్యమూ ఒక చోట కలుస్తాయి. ఏడాది పాతబడిన బియ్యం తేలికగా అరుగుతుందనీ, కొత్త బియ్యం కఫాన్ని పెంచి బరువు చేస్తుందనీ ఆయుర్వేదం చెబుతుంది. పాత బియ్యం ఒదుగుతుంది కనుక హోటలువాడు కూడా దానినే కోరుతాడు. మన ప్రాంతంలో ఎక్కువగా వడ్డించే సన్నబియ్యం సాంబమసూరి రకానిది. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన వంగడం అది. మెతుకు విడివిడిగా ఉండి, ముద్ద కట్టకుండా ఉంటే పాత బియ్యమని నమ్మవచ్చును. జిగటగా ఉంటే ఆ పూట రెండు ముద్దలు తగ్గించండి.

వేపుళ్ళ నూనె దగ్గర మాత్రం ఈ స్నేహం చెడుతుంది. ఒకసారి కాగిన నూనెను మళ్ళీ మళ్ళీ కాచితే అది నల్లబడి, చిక్కబడి, ముక్కుకు ఘాటుగా తగులుతుంది. ఆహార భద్రతా సంస్థ 2018 జూలై 1 నుంచి ఇందుకు ఒక హద్దు పెట్టింది. నూనెలో చెడిన పదార్థాలు, పోలార్ సమ్మేళనాలంటారు, 25 శాతం దాటితే ఆ నూనె వాడరాదు. బజారులో కొలిచే సాధనం మనవద్ద ఉండదు కాని ముక్కు ఉన్నది. బెండకాయ వేపుడులో బెండకాయ వాసన రాకుండా నూనె వాసన వస్తే ఆ కూర పక్కన పెట్టండి. భోజనం మీద ఖర్చు చేసినందుకు దానిని కూడా తినాలన్న పట్టుదల పనికిరాదు.

ఆ పట్టుదలే 'ఫుల్ మీల్స్' దగ్గర అసలు చేటు చేస్తున్నది. ఇచ్చిన సొమ్ముకు ఎంత తింటే అంత లాభమని మనవాడి లెక్క. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి, ఆపైన పులుసు, చారు, చివర గడ్డపెరుగు, ప్రతిదానికీ ఒక ఆవృత్తం అన్నం. కుక్షిని మూడు భాగాలుగా భావించి ఒక భాగం గట్టి ఆహారానికీ, ఒక భాగం ద్రవానికీ, ఒక భాగం దోషాల సంచారానికీ విడవాలని చరకుడు చెప్పాడు. మన ఫుల్ మీల్స్‌లో మూడవ భాగానికి చోటుండదు. ఆ తరువాత రెండు గంటలు కుర్చీలో కునుకు. దాన్ని హాయి అనుకుంటారు. పొలంలో దమ్ము చేసి వచ్చిన రైతుకు ఆ భోజనం తగినది. ఆటోనగరులో రోజంతా లారీల కింద దూరి సుత్తి పట్టేవానికీ తగినదే. బల్లముందు కూర్చునే గుమాస్తాకు తగదు. ప్లేటు భోజనం అతనికి సరిపోతుంది. ధర కూడా తక్కువ.

దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహులున్నారని 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం లెక్క కట్టింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలు కూడా రోజుకు అవసరమైన శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం లోపల ఉండాలంటున్నాయి. మన విస్తరిలో అది ఎంత ఉన్నదో చెప్పనక్కరలేదు. ముందుగా కూరా పప్పూ కొంత తిని, ఆ తరువాత అన్నం కలుపుకుంటే అన్నం తనంతట తానే తగ్గుతుంది. ఇది నేను రోగులకు చెప్పే మొదటి ఉపాయం. చక్కెరను దించే విషయంలో ఇది పనిచేస్తుందని ఆధునిక వైద్యులూ అంటున్నారు.

5 రూపాయల అన్నం

అందరూ మెస్సుకు పోలేరు. రోజుకూలి మీద బండి లాగే మనిషికి, మూటలు మోసే హమాలీకి మెస్సు భోజనం ధర కూడా బరువే. ఇటువంటివారికోసం చెన్నైలో 2013లో అమ్మ ఉణవగాలు, హైదరాబాదులో 2014లో 5 రూపాయల భోజన కేంద్రాలు మొదలయ్యాయి. మన రాష్ట్రంలో అన్న క్యాంటీన్లు 2018 జూలైలో విజయవాడలోనే ప్రారంభమై, 2019లో మూతపడి, 2024 ఆగస్టు 15న గుడివాడలో తిరిగి ప్రారంభమయ్యాయి. పూటకు 5 రూపాయలు. అన్నం, కూర, పప్పో సాంబారో, పెరుగు, పచ్చడి ఇస్తారు. కేంద్రీకృత వంటశాలలో వండి వేడిగా తెస్తారు.

అది పేదలదనీ తాము వెళ్ళరాదనీ చిన్న ఉద్యోగులు కొందరు సిగ్గుపడతారు. వైద్యుని దృష్టిలో ఆ భోజనంలో రెండు గొప్ప గుణాలున్నాయి. వేళకు దొరుకుతుంది, పరిమితంగా వడ్డిస్తారు. పదే పదే అన్నం వేయించుకునే అవకాశం లేదు. ఎంత ఖరీదైన హోటలుకు వెళ్ళినా ఈ రెండూ కలిసి దొరకడం కష్టం. లోటు కూడా ఉన్నది. అంతమందికి ఒకేసారి వండే చోట ఆకుకూరలు, నాణ్యమైన కాయగూరలు విరివిగా పెట్టడం సాధ్యపడదు. ఆ లోటు సాయంత్రం నాలుగింటికి బండిమీద ఒక జామకాయో, దోసకాయ ముక్కలో తిని తీర్చుకోవచ్చును. పునుగుల ధరకే వస్తాయి. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేదవాని అన్నం ఆగిపోకూడదన్న మాట రాజకీయం కిందికి వస్తుందేమో నాకు తెలియదు. 2019లో ఆ తలుపులు మూసిన తరువాత మళ్ళీ టీ, బన్నుతో సరిపెట్టుకున్న హమాలీలు కొందరు నాకు ఎరుకే.

ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి నిత్యాన్నదానం భక్తులకోసం. వన్‌టౌన్ వారు పర్వదినాన ఆ ప్రసాదం స్వీకరించడం సరే. రోజూ దానిమీద ఆధారపడడం దూరం నుంచి నడిచి వచ్చిన యాత్రికుని వంతు తీసుకోవడమే అవుతుంది.

కేరియర్, కర్రీ పాయింటు, పార్సిలు

ముంబైలో డబ్బావాలాలు 1890 ప్రాంతం నుంచి ఇంటి భోజనాన్ని ఆఫీసులకు చేరుస్తున్నారు. మన ఊరిలో అంతటి కట్టుదిట్టం లేకపోయినా కేరియర్ భోజనం పంపే గృహిణులు పేటపేటలో ఉన్నారు. నలుగురైదుగురు ఉద్యోగులు కలిసి మాట్లాడుకుంటే ధర కలిసివస్తుంది. ఉప్పూ కారం మనం చెప్పినట్లు వేస్తారు. వయసు మళ్ళినవారికి, రక్తపోటు ఉన్నవారికి ఇంతకంటె మంచి మార్గం నేను చూడలేదు. వారంలో రెండు రోజులు కందిపప్పుకు బదులు పెసరపప్పు వండమని చెప్పండి. పప్పులన్నిటిలో పెసర తేలిక.

కర్రీ పాయింట్లు మన ఆంధ్రదేశపు ఉపాయమే అనవచ్చును. అన్నం ఇంట్లో వండుకుని కూర కొనుక్కునే ఈ పద్ధతిని నేను తప్పుపట్టను. నా అభ్యంతరం ఆ కవరు మీద. కుతకుత ఉడికే సాంబారును పల్చని ప్లాస్టిక్ సంచిలో పోసి ముడివేస్తారు. 120 మైక్రాన్లకు తక్కువైన సంచులను 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధించారు. అయినా కౌంటరు కింద నుంచి వస్తూనే ఉన్నాయి. చిన్న స్టీలు గిన్నె సంచిలో వేసుకుని వెళ్ళండి. సిగ్గుపడవలసినది మీరు కాదు. స్విగ్గీ, జొమాటో పార్సిళ్ళ గురించి ఎక్కువ చెప్పను. వండిన చోటు మనకు కనిపించదు, అన్నం డబ్బాలో చెమటపట్టి వస్తుంది, ధర కూడా మెస్సుకంటె ఎక్కువ.

ఏ దోషానికి ఏ పదార్థం

మంట ఉన్నవారు గోంగూర, ఆవకాయ, ఉలవచారు వైపు చూడరాదు. కృష్ణా జిల్లావారికి ఉలవచారు వద్దంటే ప్రాణం ఉసూరుమంటుందని తెలుసు. అది కఫవాతాలను హరిస్తుంది, పిత్తాన్నీ రక్తాన్నీ ప్రకోపింపజేస్తుంది. చలికాలంలో, మంటలేనివారు, వెన్న కలుపుకుని కొద్దిగా తినవచ్చును. రక్తపోటు ఉన్నవారికి అప్పడం, ఊరగాయ, ఒడియం నిషిద్ధం. చేపల పులుసు తిన్న పూట పాలు, పాయసం తీసుకోకూడదు.

పెరుగుకు బదులు మజ్జిగ. పెరుగు బరువు, స్రోతస్సులను మూసే గుణం కలది. మజ్జిగ తేలిక, అగ్నిని రగిలిస్తుంది. ఒక వంతు తీయని పెరుగుకు మూడు వంతుల నీరు చేర్చి, కవ్వంతో బాగా చిలికి, వెన్న తీసి, వేయించిన జీలకర్ర పొడి చిటికెడు, కరివేపాకు నలిపి వేయవలెను. మంట లేనివారు అల్లం తురుము కూడా చేర్చుకోవచ్చును. పుల్లబడిన మజ్జిగ మంట ఉన్నవారికి పనికిరాదు కనుక ఎండాకాలంలో సీసాలో పోసుకుంటే మధ్యాహ్నంలోగా తాగి ముగించవలెను.

మధ్యాహ్నానికి కడుపులో మంట రేగేవారు ఒక తులం ధనియాలను నలగగొట్టి, ఆరు తులాల నీటిలో రాత్రి నానవేసి, ఉదయం పిసికి వడగట్టి, కొద్దిగా కలకండ చేర్చి పరగడుపున సేవించవలెను. మధుమేహులు కలకండ మానవలెను. రెండు వారాలు వాడి గుణం కనిపించకపోతే వైద్యుని సంప్రదించవలెను.

మంట లేక, కేవలం ఆకలి మందగించి నాలుక తెల్లగా పూసినట్లుండేవారు భోజనానికి ముందు చిన్న అల్లం ముక్క సైంధవ లవణంలో అద్ది నమలవలెను. రక్తపోటు ఉన్నవారు లవణం వదిలివేయవలెను.

భోజనం చేయగానే పొట్ట ఉబ్బి, వాయువు కదిలి బాధపడేవారికి హింగ్వాష్టక చూర్ణం ఉన్నది. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, వాము, సైంధవ లవణం, జీలకర్ర, నల్లజీలకర్ర సమభాగాలు, నేతిలో పొంగించిన ఇంగువ అంతే భాగం తీసుకుని విడివిడిగా దంచి, వస్త్రఘాళితం చేసి కలపవలెను. పావు చెంచా చూర్ణాన్ని నెయ్యి కలిపిన మొదటి ముద్ద అన్నంతో తినవలెను. మెస్సులో నెయ్యి వేయనిచోట చిన్న సీసాలో తీసుకుని వెళ్ళవచ్చును. గర్భిణులు, కడుపులో పుండు ఉన్నవారు, రక్తపోటు ఉన్నవారు వైద్యుని అడగకుండా వాడరాదు. చూర్ణాన్ని చెమ్మ తగలని గాజుసీసాలో బిగించి ఉంచవలెను. రెండు నెలలు గడిస్తే చూర్ణాలకు వీర్యం తగ్గుతుంది కనుక, ఒక్కొక్కటి ఒక తులానికి మించి చేసుకోకపోవడం మంచిది.